నీరసం బిళ్ళ

గొలుసు ఉపవాసంలో కూర్చున్న లిదియమ్మ, సాయంత్రం ప్రార్థన ముగిసినా కళ్లు తెరవలేదు. పోయిన వారం మనం అక్కడ ఆగాం.

ఉదయగిరి స్త్రీల సమాజం వాళ్లు వానల కోసం ఆ గొలుసు పట్టారు. రోజుకొక ఆడమనిషి వంతు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా ఆమె మంచినీళ్లతోనే ఉండాలి. మర్నాడు ఇంకొకరు అందుకోవాలి. మధ్యలో తెగకూడదు. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఆ వంతు కూడా లిదియమ్మే తీసుకునేది. డెబ్బై దాటిన మనిషి, పైగా షుగరు. అయినా వద్దంటే వినదు. అట్లా కూర్చున్నప్పుడల్లా ఆమెకు చెమటలు పట్టేవి. చేతులు వణికేవి. చూపు ఎక్కడో నిలిచిపోయేది. ఎప్పుడో చనిపోయిన భర్తతో మాట్లాడేది. జనం దాన్ని దర్శనం అన్నారు. దుత్తలూరు నుంచి కూడా వచ్చి ఆమె గడప ముందు కూర్చునేవాళ్లు.

ఆ దర్శనంలోనే ఒకనాడు, రెబెకమ్మ ఇంటికి పిల్లనియ్యొద్దు, ఆ ఇంట్లో చావుండాది అనింది. రెబెకమ్మ వరికుంటపాడులో ఉంటుంది, ఆమె కూడా ఆ సమాజం మనిషే. లిదియమ్మకు చిన్ననాటి స్నేహితురాలు. ఆమె మనవడు ఎలీషాకి, లిదియమ్మ మనవరాలు కరుణశ్రీకి అప్పటికే ప్రధానం అయిపోయింది. ఆ ఒక్క మాటతో అది తెగింది. కరుణశ్రీ నాయన జయపాల్ స్వయంగా పోయి, ప్రధానంలో వాళ్లు పెట్టిన ఉంగరం, బైబిలు వాళ్ల గడపలోనే పెట్టి వచ్చాడు.

నిన్న సాయంత్రం లిదియమ్మ లేవకపోతే కూతురు సుకుమారి, అంటే కరుణశ్రీ తల్లి, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ప్రభువు మాట్లాడుతున్నాడు, కదిలించొద్దు అంది. కరుణశ్రీ వినలేదు. అవ్వను ఎత్తి అద్దె జీపులో వేసుకుని ఆత్మకూరు తెచ్చింది. దారి పొడుగునా తల్లి ఆ పిల్లతో మాట్లాడలేదు.

బస్టాండు వెనక సందులో రెండు గదుల ఆస్పత్రి అది. డాక్టరమ్మ వేలికి సూది గుచ్చి, నెత్తురు చుక్క కాగితం పట్టీ మీద పెట్టి చూసింది. గబగబా చేతి నరంలోకి గ్లూకోజు ఎక్కించింది. ఇంకా సూది తియ్యకముందే లిదియమ్మ కళ్లు తెరిచి, తన చెప్పులు ఎక్కడ పెట్టారని అడిగింది.

సుకుమారి అమ్మ కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది. సంతోషంతో ఏడ్చిందో, ఇంకెందుకో, అప్పుడు ఆమెకే తెలీదు.

ఇంట్లో ఉన్న బిళ్ళలన్నీ తెమ్మని డాక్టరమ్మ జయపాల్‌ను పంపించింది. ఒక్కటి కూడా వదలొద్దని రెండుసార్లు చెప్పింది. అతను ఉదయగిరి పోయి, పొద్దున్నే మొదటి బస్సుకు తిరిగి వచ్చాడు. చంకలో రేకు డబ్బా. క్రిస్మస్‌కి కజ్జికాయలు పోసి పెట్టుకునే డబ్బా అది. మూత తీయగానే గదిలో పాత మందుల వాసన కమ్ముకుంది.

డాక్టరమ్మ దాన్ని మంచం మీద బోర్లించింది. అట్టలు, సగం అట్టలు, కాగితం పొట్లాలు, విరిగిన బిళ్ళలు, ఒక గుడ్డ మూట. రెండు చీమలు కూడా వచ్చాయి. సుకుమారి సిగ్గుపడి వాటిని చేత్తో నలిపింది.

ఒక్కొక్కటి చూపించి, ఇది దేనికి, ఎప్పుడు వేసుకుంటావని డాక్టరమ్మ అడుగుతూ పోయింది. లిదియమ్మ తడుముకోకుండా చెప్పింది. ఆమెకు ఇంగ్లీషు అక్షరం రాదు. రంగులు మాత్రం బాగా తెలుసు. ఎర్రది బీపీకి. బొద్దుగా ఉండేది గ్యాసుకి. పొట్లంలోవి మోకాళ్లకు, ఆరెంపీ కామయ్య ఇచ్చినవి, అవి వేసుకుంటేనే చర్చి మెట్లెక్కగలదు. పచ్చ అట్టలోది షుగరుకి, ఉదయగిరి డాక్టరు రాసింది. నీలం అట్టలోది కంటికి.

కంటికా అని డాక్టరమ్మ ఆగింది. రెండేళ్ల కిందట కంటి ఆపరేషన్ల క్యాంపులో ఇచ్చారని, అప్పటి నుంచి తెప్పించుకుని వేసుకుంటున్నానని, ఆపితే చూపు పోతుందేమోనని భయమని లిదియమ్మ చెప్పింది. డాక్టరమ్మ పచ్చ అట్టా, నీలం అట్టా జయపాల్ చేతిలో పెట్టింది. అతను మిషన్ స్కూల్లో పంతులు. పెద్ద అక్షరాలు కాదు, కింద చిన్నవి చదవమంది.

జయపాల్ ఒకటి చదివాడు. రెండోది చదివాడు. మళ్లీ మొదటిది చదివాడు.

"రెండూ ఒకటేనే" అన్నాడు మెల్లగా.

క్యాంపులో పరీక్ష చేసినప్పుడు షుగరు ఎక్కువ ఉండి ఉంటుందని, ఆపరేషన్‌కి ముందు అది దిగాలని రాసి ఉంటారని డాక్టరమ్మ చెప్పింది. కంపెనీలు వేరు, పేర్లు వేరు. మందు ఒకటే. రెండేళ్లుగా ఈ అవ్వ షుగరు మందు రెండింతలు మింగుతోంది.

సుకుమారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నీలం అట్ట అయిపోయినప్పుడల్లా మందుల షాపుకి పోయి తెచ్చింది ఆమే.

"అదొక్కటే అయితే చక్కెర ఇంత దిగకూడదు" అంది డాక్టరమ్మ. ఆమె చెయ్యి గుడ్డ మూట మీద ఉంది. "ఇవేంటవ్వా?"

లిదియమ్మ ముఖం మెత్తబడింది.

"అవి నీరసం బిళ్ళలు తల్లీ. నావి గాదు. మా ఓబులమ్మవి."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ సమాజంలో ముసలామె ఎవరైనా ప్రభువు దగ్గరికి పోతే, ఆదరణ కూడిక నాడు ఆమె వస్తువులు ఆమె ఈడు వాళ్లకు పంచుతారు. కళ్లజోడు ఎవరి కంటికి కుదిరితే వాళ్లకు. చేతికర్ర నడుము వంగినవాళ్లకు. కీర్తనల పుస్తకం పాడగలిగినవాళ్లకు. మిగిలిన మందులు కూడా అట్లాగే పోతాయి. బిడ్డలు చెమటోడ్చి కొన్నవి, పారేస్తే చచ్చిపోయిన మనిషికి మర్యాద కాదని వాళ్ల అభిప్రాయం. ఎవరూ దాన్ని తప్పనుకోలేదు. పాస్టరమ్మ కూడా ఎప్పుడూ కాదనలేదు. లిదియమ్మ ముక్కు మీద ఉన్న కళ్లజోడు కూడా, అట్లా పోయిన ఆమె స్నేహితురాలు ఓబులమ్మదే.

ఓబులమ్మకు కూడా షుగరే. బాగా పెరిగినప్పుడు ఆమెకు కాళ్లు తేలిపోయి లేవలేకపోయేది. ఈ బిళ్ళలు మొదలుపెట్టాక లేచి తిరిగింది. అందుకని వాటికి నీరసం బిళ్ళలని ఆమే పేరు పెట్టుకుంది. షుగరు బిళ్ళలని ఆమెకు ఎవరైనా చెప్పారో, లేదో.

డాక్టరమ్మ మూట విప్పింది. కత్తెరతో కత్తిరించిన అట్ట ముక్కలు. ఒక ముక్క మీద మాత్రం పేరు మిగిలింది. దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసింది. తిరిగి వచ్చేటప్పటికి ఆమె ముఖంలో రంగు లేదు.

"ఇవి ఎప్పుడు వేసుకుంటారు?"

"నీరసమొచ్చినప్పుడల్లా ఒకటి" అంది లిదియమ్మ. "ఉపవాసం నాడు నీరసం ఎక్కువ గదమ్మా. ఆ పొద్దు రెండు."

బయట బస్టాండులో కండక్టరు నెల్లూరు, నెల్లూరు అని అరుస్తున్నాడు.

డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదని కరుణశ్రీకి అనిపించింది. ఆ మూడో బిళ్ళ కూడా అదే మందు, పైగా ఎక్కువ పవరుది అని చెప్పింది. కడుపులో కూడు లేని రోజున షుగరు మందు మింగితే ఒంట్లో ఉన్న చక్కెర కాస్తా కరిగిపోతుంది. నీరసం వస్తుంది. ఆ నీరసానికి మళ్లీ అదే బిళ్ళ. కామయ్య ఇచ్చిన మోకాళ్ల బిళ్ళలు దాని బలం ఇంకా పెంచుతాయి. బీపీ బిళ్ళ గుండెదడను కప్పేస్తుంది, అందుకని మనిషికి ప్రమాదం తెలీదు. వయసులో ఉంటే మందు తొందరగా బయటికి పోయేది. ముసలి ఒంట్లో అది ఉండిపోతుంది. విడిగా చూస్తే ఒక్క బిళ్ళా చెడ్డది కాదు. ఇచ్చినవాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు. అన్నీ ఒకే కడుపులో పడుతున్నాయని ఎవరూ చూడలేదు, అంతే.

"చెమటలు, వణుకు, ఒళ్లు చల్లబడటం, లేనివాళ్లతో మాట్లాడటం. ఇవన్నీ చక్కెర దిగినప్పుడు వచ్చేవే. నిన్న ఇంకో గంట ఆలస్యమై ఉంటే నేను చేసేదేం లేదు."

సుకుమారి లేచి నిలబడింది. నిన్న గడపకు అడ్డంగా చేతులు చాపి నిలబడిన మనిషి ఆమె. ఎన్నో నెలలుగా జనం ఆమె ఇంటికి వచ్చి చాపలు అడిగి వేసుకుని కూర్చున్నారు. ఆమె వాళ్లకు మజ్జిగ ఇచ్చింది. అమ్మ నోటి మాటలు బయటికి వచ్చి చెప్పింది.

"అయితే మా యమ్మ ప్రార్థనంతా బిళ్ళలేనంటారా?"

"ప్రార్థన గురించి నేను చెప్పలేదమ్మా. చెమట గురించి చెప్పినాను."

లిదియమ్మ ఇదంతా వింటూ, మంచం మీద ఉన్న బిళ్ళల్ని చేత్తో దగ్గరికి చేర్చుకుంటూ ఉంది. రంగు రంగు కలవకుండా, అలవాటు కొద్దీ. ఆ చెయ్యి ఆగింది.

"మరి ఆయన రాలేదా?"

ఆమె భర్త పల్లెల్లో సైకిలు మీద తిరిగి వాక్యం చెప్పినవాడు. దర్శనంలో ఆయన వాగు దాటి వచ్చేవాడు, సైకిలు భుజాన వేసుకుని, పంచె మోకాళ్ల పైకి ఎగగట్టి. ఇవతల గట్టుకి వచ్చి సైకిలు దించి, అన్నం తిన్నావా మేయ్ అని అడిగేవాడంట. ప్రతిసారీ అదే అడిగేవాడు.

"నాకు తెలీదవ్వా" అంది డాక్టరమ్మ. అబద్ధం చెప్పలేక చెప్పిన మాట అది.

లిదియమ్మ ఓబులమ్మ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

కరుణశ్రీ అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉంది. ఆమె మనసులో ఒకటే తిరుగుతోంది. అడగకూడదనుకుంది. అడగకుండా ఉండలేకపోయింది. మంచం పక్కన కూర్చుని అవ్వ చెయ్యి పట్టుకుంది.

"అవ్వా. ఎలీషావాళ్ల ఇంటి మీద చెప్పినావే, ఆ మాట గూడా అట్నే వచ్చిందా?"

"ఏం మాట?"

"ఆ ఇంటికి పిల్లనియ్యొద్దు, ఆ ఇంట్లో చావుండాదని."

లిదియమ్మ మనవరాలి ముఖంలోకి చూసింది. కూతురి ముఖంలోకి చూసింది. అల్లుడి ముఖంలోకి చూసింది. ముగ్గురూ తల దించుకున్నారు.

"నేనా అనింది? రెబెక ఇంటికి పిల్లనియ్యొద్దని నేనెందుకంటానే? దాని మనవడికి నిన్నియ్యాలని నీ పేరు పెట్టిన రోజే అనుకుంటిమి. వాళ్లే వొద్దన్నారనుకున్నా. అందుకే గదా నేను దాని ముఖం చూడ్డం మానుకునింది."

ఇది ఎవరూ అనుకోని దెబ్బ. దర్శనంలో చెప్పింది ఆమెకు గుర్తుండదని వాళ్లకు తట్టలేదు. చెప్పింది ఆమే కాబట్టి ఆమెకు తెలుసనుకున్నారు. ఎవరూ ఆమెతో ఆ సంగతి ఎత్తలేదు. ఆమేమో స్నేహితురాలు తన మనవరాల్ని కాదందని లోపల్లోపల కుమిలిపోయింది. మొన్నీమధ్య సమాజం కూటంలో రెబెకమ్మ ఎదురొస్తే ముఖం తిప్పుకుని పోయింది. అవతల రెబెకమ్మ ఏమనుకుని ఉంటుంది? ఇంట్లో చావుందని చెప్పిన మనిషి, పలకరించకుండా కూడా పోయింది.

జయపాల్ గోడవైపు తిరిగాడు. వాళ్ల గడపలో బైబిలు పెట్టినప్పుడు రెబెకమ్మ లోపలి నుంచి వచ్చి, మంచినీళ్లన్నా తాగి పో నాయనా అంది. అతను తాగలేదు. దుమ్ము దులుపుకున్నట్టు పంచె దులుపుకుని వచ్చాడు. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

ఇంతలో డాక్టరమ్మ అట్ట ముక్కల్ని మళ్లీ మూట కడుతూ, ఓబులమ్మ మందులు ఇంకా ఎక్కడైనా ఉన్నాయా అని అడిగింది. ఊరికే అడిగింది. అన్నీ పారేయించాలని.

"ఉండాయమ్మా. సగం నాకు, సగం రెబెకకు. మేం ముగ్గరం ఒక బోర్డింగులో ఒక చాప మీద పడుకున్నోళ్లం. వేరే ఎవరికిస్తాం?"

డాక్టరమ్మ చేతులు ఆగాయి.

"ఆమెకు షుగరుందా?"

"దానికేం రోగం? రాయి మాదిరుంటది. కాళ్లు లాగతాయంటది, అంతే." అని లిదియమ్మ కాస్త ఆగి, తను అంటున్న మాట తనకే వినబడినట్టు, గొంతు తగ్గించింది. "నీరసమొస్తే వేసుకోమే, మంచిగా పని చేస్తాయని నేనే చెప్పినా."

షుగరు జబ్బే లేని మనిషి ఈ మందు మింగితే ఏమవుతుందో డాక్టరమ్మ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. ఆమె ముఖం చూస్తే చాలు.

"అమ్మా" అంది కరుణశ్రీ. "నిన్న గొలుసు అవ్వది. ఈ పొద్దు ఎవురిది?"

సుకుమారి సమాజం కార్యదర్శి. ఎవరి తర్వాత ఎవరో ఆమెకు నోటికి వచ్చు. పెదవులు కదిలాయి. మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది.

"రెబెకమ్మత్తది" అంది చివరికి.

వరికుంటపాడు ఎస్టీడీ బూతుకి డాక్టరమ్మ తన ఫోను నుంచి ప్రయత్నించింది. లైను కలవలేదు. మళ్లీ చేసింది. కీచుమని చప్పుడు తప్ప ఏమీ లేదు. జయపాల్ చెప్పులు వేసుకున్నాడు, విప్పాడు, మళ్లీ వేసుకున్నాడు. ఏ ముఖం పెట్టుకుని పోయేదన్నాడు. నేను చెబితే వాళ్లు గడప తొక్కనిస్తారా అన్నాడు. అతను ఆ మాట పూర్తి చేసేలోపే కరుణశ్రీ తలుపు దాకా వెళ్లిపోయింది.

డాక్టరమ్మ ఆ పిల్ల చేతిలో గ్లూకోజు పొడి పొట్లం పెట్టి, మూడు మాటలు చెప్పింది. తెలివిగా ఉండి మింగగలిగితే నీళ్లలో కలిపి తాగించు. మింగలేకపోతే చుక్క నీళ్లు కూడా పోయొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి పొడి బుగ్గ లోపల రుద్దు. లేచి కూర్చున్నా సరే, ఆస్పత్రికి తీసుకురా. మందు ఒంట్లో ఉన్నంతసేపూ చక్కెర మళ్లీ మళ్లీ దిగుతుంది.

ఎలీషా ఆత్మకూరు బస్సు డిపోలో మెకానిక్కు. కరుణశ్రీ పోయేటప్పటికి ఒక బస్సు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. పక్కనున్నవాడు ఆమెను చూసి, ఒరే నీ పాత కనెక్షన్ వచ్చిందిరా అని కాలితో తట్టాడు. ఎలీషా బయటికి వచ్చాడు. చేతులకు నల్లగా ఆయిలు. ఉంగరం వెనక్కి వచ్చిన రోజు నుంచి వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు.

"ఏంది, మీ అవ్వ మళ్లా ఏం చూసిందంట మా ఇంట్లో?"

కరుణశ్రీకి ఆ మాట తగిలింది. తగిలిన సంగతి చూపించే టైము లేదు. మీ అవ్వ ఏం బిళ్ళలు మింగతా ఉండాదో తెలుసా అని అడిగింది. తర్వాత ఆగకుండా అంతా చెప్పేసింది. మూట సంగతి, నీరసం సంగతి, తన అవ్వకు ఆ మాటే గుర్తులేదన్న సంగతి. వింటూ వింటూ ఎలీషా చేతిలో స్పానర్ని కింద పెట్టాడు. వంగి చాలా జాగ్రత్తగా పెట్టాడు, పగిలే వస్తువును పెట్టినట్టు.

"మా అవ్వ రాత్రి గూడా తినలేదు" అన్నాడు. "నిన్న మధ్యాన్నం నుంచే మొదలుపెట్టింది. మా యమ్మ ఎంత చెప్పినా ఇనలా. లిదియ చూసింది నిజమో కాదో నేనూ దేవుణ్ణే అడగతా అనింది. మా ఇంట్లో చావుండాదో లేదో ఆయన్నే చెప్పమంటా అనింది."

డిపో జీపు అడిగే ధైర్యం అతనికి లేదు. పక్కనున్నవాడే, ఇందాక ఎగతాళి చేసినవాడే, పోయి తన బావమరిది జీపు తెచ్చాడు. తానే తోలతానన్నాడు.

దారంతా ఎలీషా ముందుకు చూస్తూ కూర్చున్నాడు. ఎండకు పొలాలు బీటలు కొట్టి ఉన్నాయి. గొర్రెల మంద అడ్డం వస్తే కిందికి దూకి రెండు చేతులతో తోలాడు. కరుణశ్రీ పొట్లాన్ని గుప్పిట్లో పెట్టుకుని, చెమటకు తడిసిపోతుందేమోనని ఆ చేతిలో నుంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ ఉంది. వాళ్ల మధ్య ఒకే ఒక మాట నడిచింది. ఉంగరం పారేసినావా అని ఆమె అడిగింది. లేదు అన్నాడు.

వరికుంటపాడులో జీపు ఆగకముందే పాట వినబడింది. రెబెకమ్మ ఇంటి ముందు చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. పనుల వేళ అంతమంది ఎందుకొచ్చారో లోపలికి పోకముందే కరుణశ్రీకి అర్థమైంది. ఉదయగిరిలో తన ఇంటి ముందు అవే చెప్పులు, అదే పాట, అవే తలలు.

ఎలీషా జనాన్ని తోసుకుంటూ పోయాడు. వెనకే ఆమె.

రెబెకమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తెల్ల చీర మెడ దగ్గర నుంచి నడుము దాకా తడిసి ఒంటికి అంటుకుంది. చేతులు ఒళ్లో వణుకుతున్నాయి. పెదవులు ఏదో అంటున్నాయి. ఆడవాళ్లు ఆమె చుట్టూ మోకాళ్ల మీద ఉన్నారు. పక్కన నీళ్ల చెంబు. చెంబు పక్కన కత్తిరించిన అట్ట ముక్క, దానిలో గుంటలన్నీ ఖాళీగా ఉన్నాయి.

ఎలీషా తల్లి శీనమ్మ లేచి అడ్డం వచ్చింది. కొడుకుని చూసి, ముట్టుకోవద్దు నాయనా, ప్రభువు మాట్లాడతా ఉండాడు అంది. నిన్న సుకుమారి అన్న మాటే అది. అక్షరం తేడా లేదు.

కరుణశ్రీ ఆమె చెయ్యి కింద నుంచి దూరి రెబెకమ్మ ముందు మోకాళ్ల మీద పడింది. చెయ్యి పట్టుకుంది. బావిలో నుంచి తీసిన రాయిలాగా ఉంది. ఆ ముసలి కళ్లు ఆమె మీదికి వచ్చాయి. గుర్తుపట్టినట్టు కాస్త నవ్వాయి.

"లిదియా. వచ్చినావా మే" అంది రెబెకమ్మ. "ఓబులి గూడా వచ్చింది. అదిగో. నువ్వు చెప్పింది నిజమేనంట. నన్ను రమ్మంటా ఉండాది."

పాట ఆగిపోయింది. ఎవరో గట్టిగా స్తోత్రం అన్నారు. రెబెకమ్మ తల గోడ మీద నుంచి జారి ఒక భుజం మీదికి వాలింది. పెదవులు ఆగిపోయాయి.

కరుణశ్రీ ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టి, పొట్లం మూల పళ్లతో చింపింది. తెల్ల పొడి అరచేతిలోకి పోసుకుంది. వేలికి అద్దుకుని రెబెకమ్మ నోటి దగ్గరికి పెట్టింది.

శీనమ్మ ఆ మణికట్టు పట్టుకుంది. పొలం పని చేసిన చెయ్యి. పొడి సగం నేల మీద పడింది.

"మా ఇంట్లో చావుండాదని మీ అవ్వ చెప్పింది" అంది శీనమ్మ. అరవలేదు. చాలా నిదానంగా అంది. "ఇప్పుడు దాన్ని నీ చేతికిచ్చి పంపించిందా?"

గదిలో ఉన్న ఆడవాళ్లంతా లేచారు. తలుపు దగ్గర ఉన్నవాళ్లు లోపలికి వచ్చారు. ఎలీషా వాళ్లిద్దరి పక్కనే నిలబడి ఉన్నాడు. శీనమ్మ కొడుకు వైపు తిరిగింది.

"నువ్వు చెప్పరా. ఆ పొడి ఏందో నీకు తెలుసా? నీ కంటితో చూసినావా?"

ఎలీషా చూడలేదు. పొట్లం మీద ఏమి రాసి ఉందో కూడా దారిలో చదవలేదు. అతనికి తెలిసిందల్లా, ఉంగరం వెనక్కి పంపిన ఇంటి పిల్ల పొద్దున వచ్చి చెప్పిన మాట.

కింద పడుకున్న రెబెకమ్మ గొంతులో గురక మొదలైంది.